ధన్యవాదాల పాఠం

కొండ మీద మబ్బు కమ్ముకోవడం చూసి ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఉప్పుమడుల్లోకి దిగారు. ఉప్పు ఇంకా నిండా పేరుకోలేదు. ఇంకొక్క పూట ఎండ కాస్తే గట్టి పెచ్చు వచ్చేది. వాన పడితే అంతా నీళ్లే. తొడల దాకా దిగిన ఇతుంగు రెండు చేతులా ఉప్పు తోడి బేసిన్‌లో పోస్తోంది. కాలి మీది పుండ్లలో ఉప్పునీరు దిగి భగ్గుమంటోంది. పళ్లు బిగించి తోడుతూనే ఉంది.

గట్టు మీద జీపు హారన్ మోగింది. కంపెనీ జీపు. పాఠానికి వేళయింది.

పక్కమడిలో ఉన్న కబుఘో నడుం పట్టుకుని నిలబడి, జీపు వైపు, ఇతుంగు వైపు మార్చి మార్చి చూసింది.

"పోవమ్మా, పో. ఉప్పు కరిగితే కరిగింది. నీ నోరు తీపెక్కాలిగా!"

"నేను అడిగానా ఈ పాఠాలు? పొమ్మని మీరందరూ కాదూ పంపింది?"

"పంపాం. పోయిన ప్రతిసారీ వాళ్లిచ్చే సోడా తాగి, ఆ వాసనతో తిరిగొస్తావని అనుకోలేదు మరి."

ఇతుంగు బేసిన్ గట్టు మీద పెట్టి, నడుముకి చుట్టుకున్న గుడ్డ పిండుకుంటూ జీపు వైపు నడిచింది. వెనక తొలి చినుకులు మడుల మీద పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తల తిప్పబుద్ధి కాలేదు.

మడులున్న ఈ సరస్సు ఒడ్డంతా తీసుకుని ఉప్పు ఫ్యాక్టరీ కడతానని కంపెనీ అర్జీ పెట్టుకుంది. దాని మీద ప్రభుత్వం వాళ్లు ఊళ్లో సభ పెడుతున్నారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పుకోవచ్చు. మడుల ఆడవాళ్లు ఇతుంగుని ఎన్నుకున్నారు. ఉప్పు లారీ వచ్చిందంటే ఆమె వేసే కేక అవతలి ఒడ్డు దాకా వినబడుతుంది. తీరా ఆమధ్య పంచాయితీలో మైకు చేతికిచ్చేసరికి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. అందుకే కంపెనీ వాళ్లే రాజధాని కంపాలా నుంచి మాస్టారుని పిలిపించి ఊరివాళ్లకి సభలో మాట్లాడటం నేర్పిస్తామంటే, వెళ్లి రమ్మన్నారు. ఆ పూటే కబుఘో ఒక మాట అంది.

"మనల్ని తరమాలనుకునేవాడు మనకి మాట్లాడటం నేర్పిస్తాడా? ఎక్కడైనా ఉందా?"

ఆ అనుమానం ఇతుంగుకీ ఉంది. పాఠానికి వెళ్లిన ప్రతిసారీ ఆ అనుమానం కూడా జీపెక్కి పక్కన కూర్చునేది.

చర్చి హాల్లో సెకిట్టో మాస్టారు ఎదురుచూస్తున్నాడు. సన్నటి మనిషి. ఇస్త్రీ చొక్కా. ఊరివాళ్ల కొంజో భాష రాదు, స్వాహిలీలో చెబుతాడు. కోపం తెచ్చుకోగా ఎవరూ చూడలేదు. అంత మెత్తగా ఉండేవాళ్లంటే ఇతుంగుకి మొదటినుంచీ నమ్మకం తక్కువ.

అయినా అతను చెప్పిన విద్య మాత్రం పనిచేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవద్దన్నాడు. పాదాలు నేలకి ఆనించమన్నాడు. ఒక మొహం చూసి ఒక మాట పూర్తి చెయ్యి, తర్వాతే ఇంకో మొహం చూడు అన్నాడు. గొంతు చించుకోకుండా కడుపులోంచి మాట తియ్యమన్నాడు. అలా తీసిన రోజు ఆమె మాట రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చింది. ఎవరిదో గొంతు అనుకుని పైకి చూసింది. తనదే. ఆ రాత్రి గంజి తాగుతూ తనలో తను నవ్వుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, కబుఘోకి అసలు చెప్పలేదు.

"ఇవ్వాళ మీ మాటంతా ఒకసారి చెప్పండమ్మా" అన్నాడు మాస్టారు.

ఇతుంగు పాదాలు ఆనించి మొదలుపెట్టింది. మడులు, వాన, వారం రోజులు తోడినా కసావా దుంప పిండికే సరిపోని కూలి. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతికి వచ్చింది.

"నడుం దాకా ఆ నీళ్లలో ఉంటాం. ఆ నీళ్లు మా లోపలికి పోతాయి. మాలో కొందరికి కడుపులు నిలవవు..."

"ఆగండమ్మా." మాస్టారు చెయ్యెత్తాడు. "అది వద్దు. ఆడవాళ్ల సంగతులు సభలో ఎత్తితే పెద్దలు తలలు దించుకుంటారు. తల దించుకున్నవాడు వినడు. ముందు ధన్యవాదంతో మొదలుపెట్టండి. తర్వాత ఒక్క కోరిక. మూడు నిమిషాల్లో ముగించండి."

"మీకు డబ్బులెవరిస్తారు మాస్టారూ?"

హాల్లో ఉన్న మిగతావాళ్లు తలలెత్తారు. మాస్టారు మొహం మాడ్చుకోలేదు.

"కంపెనీ. మాట్లాడటం నేర్పమన్నారు, నేర్పుతున్నాను. ఒకసారి వచ్చిన మాటని మీ దగ్గర్నుంచి ఎవరు లాక్కుంటారు చెప్పండి?"

నిజమేననిపించింది. నిజంలా ఉండేట్టు చెప్పడమే అతని వృత్తి కదా అని కూడా అనిపించింది.

చివర్లో కెమెరా కుర్రాడొకడు వచ్చాడు, కంపెనీ టోపీ పెట్టుకుని. ధన్యవాదం చెప్పడం సాధన చేయాలట. ఎవరికైనా సరే, దేనికైనా సరే.

"కంపెనీ రబ్బరు బూట్లు పంచిందిగా అక్కా, వాటికి చెప్పెయ్" అన్నాడు కుర్రాడు.

మోకాళ్లు దాటని బూట్లు. మడిలో దిగగానే నీళ్లతో నిండి కాళ్లకి గుండ్లు కట్టినట్టు ఉంటాయి. కానీ ఇది సాధనే కదా. ఇతుంగు నిటారుగా నిలబడి, కెమెరాలోకి చూసి, చిరునవ్వుతో చెప్పింది.

"మా కాళ్ల గురించి ఆలోచించిన కంపెనీ వారికి మడుల ఆడవాళ్ల తరఫున ధన్యవాదాలు."

మాస్టారు చప్పట్లు కొట్టాడు. "ఈ బొమ్మ ఎవరికి?" అనడిగింది ఇతుంగు. "మీకే. చూసుకుని తప్పులు దిద్దుకోడానికి" అన్నాడతను. కుర్రాడు కెమెరా వెనక చిన్న తెర మీద ఆ బొమ్మ వేసి చూపించాడు. తనని తను అంత నిటారుగా ఆమె ఎన్నడూ చూసుకోలేదు. ఇంకోసారి వెయ్యమని అడిగి మరీ చూసింది.

తిరిగొచ్చేసరికి మడులన్నీ మురికినీటి గుంటలు. ఇతుంగు మడిలో మిగిలింది ఏదో తోడి కబుఘో గట్టు మీద కుప్ప పోసి పెట్టింది. ఆ కుప్ప పక్కనే కూర్చుని ఉంది.

"నా సంగతి చెప్పావా అక్కడ? పేరు లేకుండా చెప్పమన్నానుగా."

కబుఘోకి వరసగా మూడు కడుపులు పోయాయి. మూడూ మడిలో పని చేస్తుండగానే. ఇంట్లో మొగుడికి కూడా సగమే తెలుసు. ఆ మాట నోరు దాటించడానికి ఆమెకి ఎంత కష్టమైందో ఇతుంగుకి తెలుసు.

"చెప్పబోయాను. మాస్టారు వద్దన్నాడు. పెద్దలు వినరట."

"వద్దంటే ఊరుకున్నావా?"

"అది పాఠమే కదే. సభలో..."

"పాఠం బాగా వంటబట్టింది నీకు. మాట కూడా మారింది చూడు, రేడియోలో మనిషిలా." కబుఘో లేచింది. "ఎంతకి అమ్మావే నన్ను?"

మర్నాటి నుంచి ఆమె మాట్లాడలేదు. ఒకరి తర్వాత ఒకరు మిగతా ఆడవాళ్లూ మానేశారు. ఇతుంగు మడిలోకి దిగితే పక్కమడుల్లో కబుర్లు ఆగిపోయేవి.

సభ బడి ఆవరణలో జరిగింది. టార్పాలిన్ కింద ముందు వరసలో సోఫాలు, వెనక బడిబెంచీలు. అధికారులు, కంపెనీ వాళ్లు సోఫాల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు వెనక బెంచీల మీద సర్దుకున్నారు. ఇతుంగు ముందు బెంచీ చివర కూర్చుంటే, ఆ బెంచీ మిగతా అంతా ఖాళీగానే ఉండిపోయింది.

కంపెనీ మేనేజరు మాట్లాడాడు. ఫ్యాక్టరీ వస్తే ఏ ఆడమనిషీ ఉప్పునీళ్లలో దిగి జబ్బు పడనక్కర్లేదన్నాడు. తర్వాత గోడకి కట్టిన తెల్లటి గుడ్డ మీద బొమ్మ వేశారు. కాసేపు సరస్సు, కాసేపు పక్షులు. ఆ వెంటనే తెరనిండా ఇతుంగు. నిటారుగా, చిరునవ్వుతో.

"...మడుల ఆడవాళ్ల తరఫున ధన్యవాదాలు."

సోఫాల్లో చప్పట్లు. వెనక బెంచీల మీద ఒక్క చప్పుడూ లేదు. ఇతుంగు చెవులు వేడెక్కాయి. మాస్టారు గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. ఆ బొమ్మని అతనే అమ్మాడా, అతని దగ్గర్నుంచి తీసుకున్నారా? అతని మొహం చూసి తేల్చుకుందామనుకుంది. ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

"మహిళల అభిప్రాయం కూడా వచ్చేసింది. తర్వాతి అంశానికి పోదాం" అన్నాడు సభ నడిపే అధికారి.

ఇతుంగు లేచి నిలబడింది.

"నేనింకా మాట్లాడలేదయ్యా."

"ఇప్పుడే విన్నాం కదమ్మా. చాలా చక్కగా మాట్లాడారు." ఆయన నవ్వాడు. సోఫాలు కూడా నవ్వాయి. అయినా ఆమె కూర్చోలేదు. ఆయన విసుగ్గా మైకు పంపించాడు. "సరే, ఆ బొమ్మలో ఉన్నది మీరేనని ఒక్కమాట చెప్పి కూర్చోండి."

"నేనే" అంది ఇతుంగు. "అది పాఠం. ధన్యవాదం చెప్పడం నేర్చుకోమంటే చెప్పాను. ఆ ధన్యవాదం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను."

మేనేజరు పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. ఇతుంగు ఒక మొహం చూసింది. అధికారిది.

"ఆ నీళ్లు మా లోపలికి పోతాయయ్యా. మా కడుపులు నిలవవు. ఆస్పత్రి కావాలని మా అమ్మలు అడిగారు, మేం అడిగాం. అప్పుడు మా జబ్బు మీలో ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు ఒడ్డు కావాల్సొచ్చేసరికి కనబడిందా?"

అధికారి తల దించుకున్నాడు. మాస్టారు చెప్పినట్టే జరిగింది. సోఫాల్లో తలలన్నీ దిగాయి. ఎవరో తీగ లాగారు. మైకు గుర్రుమని ఆగిపోయింది.

ఇతుంగు మైకు కింద పెట్టింది. "ఒడ్డు ఇవ్వం" అంది. మైకు లేకుండానే ఆ మాట బడిగోడ దాకా పోయింది.

వెనక బెంచీ కిర్రుమంది. ఎవరో నడుం పట్టుకుని, చిన్నగా మూలిగి లేచారు. ఆ మూలుగు ఇతుంగుకి తెలుసు. ఇసుకలో అడుగులు మొదలయ్యాయి. కబుఘో తన దగ్గరికి వస్తోందో, సభ వదిలి బయటికి పోతోందో ఆ చప్పుడుని బట్టి తెలియడం లేదు. ఇతుంగు వెనక్కి తిరగలేదు. దించుకున్న తలల్లో ఏదైనా ఒకటి లేస్తుందేమోనని చూస్తూ నిలబడింది.