కొమ్మ దగ్గర విప్పాల్సిన మోకు

మీరే చేశారు. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే. ఫ్యాను కింద కూర్చుని "ఫలానా రోడ్డులోని చెట్ల కొమ్మలు తొలగించవలెను" అని సంతకం పెట్టిన పెద్దసారూ, ఆ కాగితం పట్టుకుని పని ఒప్పుకున్న కాంట్రాక్టరూ, ప్రాణం కాపాడే బెల్టును బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్న సూపర్‌వైజరు దశరథమూ, ముగ్గురూ వినండి. మనిషిని నలభై అడుగుల ఎత్తున నాకు వేలాడదీసింది మీరే. ఆ పనికి నేను పనికిరానని నాకు తెలుసు. మీకూ తెలుసు. నేను నోరు తెరవలేదు కాబట్టి ఇన్నాళ్లు సాగింది.

నేను ఒక మోకును. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకుంటాడే, ఆ లావుపాటి తాడును. జనుము పేని, రాసుకునే చోట తోలు తొడిగి నన్ను చేసింది దర్గయ్య. చేస్తున్నంతసేపూ తిట్లే. ఎండను తిట్టాడు, తోలు అమ్మినవాణ్ణి తిట్టాడు, చివరికి నన్నూ తిట్టాడు. పూర్తయ్యాక మాత్రం నన్ను చింతకొమ్మకు కట్టి, ఇద్దరు మనుషుల్ని పిలిచి, వాళ్లతో పాటు తానూ వేలాడి ఊగాడు. "తెగితే ముందుగాల నేనే పడాలె" అన్నాడు. మీ ఆఫీసులో ఎన్ని ఫైళ్లు వెతికినా ఈ ఒక్క మాట దొరకదు.

నన్ను తీసుకున్నవాడు సోమనర్సయ్య. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఎక్కేముందు కాటమయ్యకు దండం పెట్టేవాడు, ఎక్కాక కిందున్నవాళ్లను ఆటపట్టించేవాడు. తాటి మీద మాది దర్జా బతుకు. వెనక్కి వాలి బరువంతా నామీద వేస్తాడు, రెండడుగులు పైకి నడుస్తాడు, నన్ను చటుక్కున పైకి ఎగరేస్తాడు, మళ్లీ వాలతాడు. కింద జనం కల్లు తాగుతూ ప్రభుత్వాలను పడగొట్టేవాళ్లు. సాయంత్రానికి ఒక్క ప్రభుత్వమూ పడేది కాదు. వాళ్లలోనే ఒకరిద్దరు పడేవాళ్లు.

తర్వాత ఆ తాటిచెట్లు కొట్టేసి ప్లాట్లు చేశారు. రాళ్లు పాతారు, రంగు జెండాలు కట్టారు, ముందర "తాటివనం ఎన్‌క్లేవ్" అని పెద్ద బోర్డు నిలబెట్టారు. చెట్టును నరికి దాని పేరు పెట్టుకోవడం మనుషులకు మాత్రమే తెలిసిన మర్యాద.

పనిలేని నన్ను హైవే మీది హోటలువాడు తీసుకుపోయి గోడకు తగిలించాడు. నాకు ఒక పక్క బండిచక్రం, ఇంకో పక్క ఇసుర్రాయి. బిర్యానీ కోసం ఎదురుచూసే పిల్లలు "ఇదేంటి డాడీ?" అని అడిగేవాళ్లు. ఒక తండ్రి ఎద్దుల్ని కట్టేదన్నాడు. ఒక తండ్రి బావిలో నీళ్లు తోడేదన్నాడు. ఇంకొకాయన, టై కట్టుకున్నాయన, పూర్వం దొంగల్ని కట్టేదన్నాడు. నాకు తెలియదు అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

హోటలు మూతపడ్డ రోజు సోమనర్సయ్య వచ్చి నన్ను గోడ మీంచి దించి భుజాన వేసుకున్నాడు. "పా, మనకు టౌన్ల పని దొరికింది" అన్నాడు. అప్పటికి నాకు పన్నెండేళ్లు. మోకుకు అది ముసలితనం. అయినా నా సంబరం చూడాలి!

పని ఏమిటంటే, వానలు పడకముందే రోడ్ల పక్క చెట్లెక్కి, కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మల్నీ, ఎండి ఊగుతున్నవాటినీ కోయడం. ఎక్కేవాళ్లు ఏడుగురు, ఎవరి మోకు వాళ్లది. కోసిన కొమ్మను తాడు పట్టుకుని కిందికి దించేది సోమనర్సయ్య భార్య అండాలు. ఆమె కిందనుంచి ఒక మాట అంటుంది, ఆయన పైనుంచి రెండంటాడు. మేడల మీది ఆడవాళ్లు బట్టలారేయడం ఆపి వినేవాళ్లు. సోమనర్సయ్య కోత కూడా చూడదగ్గది. కొమ్మ మొదట్లో ఉబ్బు ఉంటుంది. దాన్ని ఉంచి కోస్తే చెట్టు తన పుండు తానే మాన్పుకుంటుంది. ఇది ఆయనకు ఎవరూ నేర్పలేదు. నిరుడు కోసిన చెట్ల దగ్గరికి మళ్లీ పోయి, తడిమి, తెలుసుకున్నాడు.

ఇదంతా బాగానే ఉంది. కానీ తాటికి కొమ్మలుండవు, ఈ చెట్లకు ఉంటాయి. చిక్కంతా అక్కడే. కొమ్మ అడ్డం వచ్చిన ప్రతిచోటా నన్ను విప్పి, కొమ్మకు పైన మళ్లీ కట్టుకోవాలి. విప్పడానికీ కట్టడానికీ మధ్య సోమనర్సయ్యకు నేను లేను. ఎవరూ లేరు. మోకాళ్లతో చెట్టును కరుచుకుని ఉంటాడు, అంతే.

దానికి మందు ఆఫీసు బీరువాలో ఉంది. ఎర్ర బెల్టు. తొడలకూ నడుముకూ పట్టీలు, వాటికి రెండు తాళ్లు, రెండు కొక్కేలు. ఒక కొక్కెం కొమ్మకు పైన తగిలించాకే రెండోది విప్పుతారు. మనిషి ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉండడు. దశరథం దానిమీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. పెద్దసార్లకు ఫోటో పంపాల్సిన రోజు తెస్తాడు, సోమనర్సయ్యకు తొడిగించి చెట్టు మొదట్లో నిలబెడతాడు, "నవ్వవయ్యా" అంటాడు, ఫోటో తీస్తాడు, విప్పించి మడత పెడతాడు.

"సారూ, గిది మీదికి కూడ ఎక్కుతదట కదా?" అని ఒకసారి సోమనర్సయ్య అడిగాడు.

"ఎక్కుతది. మాసిపోతది. రేపు చెకింగుకొస్తే నేనేం చూపియ్యాలె?" అన్నాడు దశరథం.

చూశారా ఆ తెలివి! బెల్టు మాసిపోకూడదు. మనిషి పడిపోవచ్చు.

పోయిన మంగళవారం దవాఖాన గేటు పక్కనున్న నిద్రగన్నేరు ఎక్కాం. రెండో కొమ్మ దగ్గర నన్ను విప్పాడు. అప్పుడే ఆకుల గూడు చిట్లి ఎర్రచీమలు మెడ మీద పడ్డాయి. చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. మోకాలు జారింది. ఒక్క మోచేతి మీద వేలాడుతున్నాడు. నేను ఆయన భుజాన ఉత్త తాడులా ఊగుతున్నాను. ఇన్నేళ్ల సావాసంలో నేను అంత సిగ్గుపడ్డ క్షణం లేదు.

"గీకకు! చీమలను కరవనియ్యి, కొమ్మ పట్టుకో!" అని అండాలు కింద అరిచింది.

కరవనిచ్చాడు. పట్టుకున్నాడు. కిందికి దిగేసరికి మెడ బూరెలా ఉబ్బింది. అండాలు ఏడవలేదు. సున్నం రాసింది, రాస్తూనే ఏడుగురితోనూ చెప్పింది. "ఇయ్యాల్టి సంది బెల్టు లేంది ఒక్కడెక్కినా నేను తాడు పట్ట. మీ కొమ్మలు మీరే దించుకోండ్రి."

"సారు ఇయ్యడే" అన్నాడు సోమనర్సయ్య.

"ఇయ్యకుంటేంది? ఫోటోకైతే తెస్తడు గద!"

అదీ మాట. గురువారం దశరథం ఫోటోకని బెల్టు తెచ్చాడు. సోమనర్సయ్య బుద్ధిగా తొడుక్కున్నాడు. ఇన్ని ఫోటోల మధ్య ఊరికే నిలబడి కొక్కేలు తెరవడం, మూయడం ఆయనకు ఏనాడో చేతికొచ్చింది. నన్ను విప్పి అండాలు మెడలో వేశాడు. నవ్వమంటే నవ్వాడు. ఫోటో అయింది. దశరథం ఫోను జేబులో పెట్టుకుని తలెత్తేసరికి సోమనర్సయ్య మొదటి కొమ్మ మీద ఉన్నాడు.

"ఏయ్! దిగు! కొత్త బెల్టది!"

"పాతది చేస్తున్న సారూ!"

"విప్పు చెప్తున్న, విప్పు!"

"మీరే వొచ్చి విప్పుకోండ్రి సారూ. మెల్లగ ఎక్కుండ్రి, చీమలున్నయి!"

దవాఖాన ముందర చీటీలు పట్టుకుని నిలబడ్డ జనమంతా పకపకా నవ్వారు. ఒక ముసలమ్మ చీటీ మర్చిపోయి చప్పట్లు కొట్టింది. దశరథం చెట్టు చుట్టూ మూడు సార్లు తిరిగాడు, ఎక్కడానికి దారి దొరకనట్టు.

నేను అండాలు మెడలో ఉండి చూశాను. సోమనర్సయ్యను కిందనుంచి చూడటం నాకదే మొదలు. రెండో కొమ్మ దగ్గరికి వచ్చాడు. మొన్న జారిన చోటే. ఒక కొక్కెం పైన తగిలించాడు, లాగి చూశాడు, అప్పుడు కింది కొక్కెం తీశాడు. అంతే. కొమ్మ దాటేశాడు. అండాలు నన్ను పట్టుకున్న పిడికిలి అప్పుడు వదులైంది. నాకు అసూయ కలిగిందని చెబితే అబద్ధం. నా బరువు ఇంకొకరు మోస్తున్నారు, హాయిగా ఉంది.

ఎండుకొమ్మ కోసి దిగాక ఆయన బెల్టు విప్పాడు. దశరథం చెయ్యి చాచాడు. ఆ చేతికి ఇవ్వలేదు. పక్క చెట్టు ఎక్కాల్సిన మల్లేశం నడుముకు కట్టాడు. అప్పటినుంచి బెల్టు బీరువా మొహం చూడలేదు. ఏడుగురి నడుములు తిరుగుతోంది. ఒకడెక్కితే ఆరుగురు కూర్చుంటున్నారు. పని కుంటుతోంది. కాంట్రాక్టరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. మబ్బులు కమ్ముతున్నాయి.

"ఒక్కదాంతో సర్దుకోండి, మిగతా ఆరుగురూ పాత పద్ధతిలో ఎక్కండి" అని నిన్న కబురు పెట్టారట. పాత పద్ధతి అంటే నేనూ, నాలాంటి మోకులూ. నా మాట వినండి. కోసిన రెమ్మలు కట్టలు కట్టడానికి నన్ను వాడుకోండి, తెగేదాకా చేస్తాను. మనిషిని మాత్రం ఇక నాకు కట్టొద్దు. ఇంకా ఆరు బెల్టులు కావాలి. సోమవారం పొద్దున ఏడింటికల్లా తెచ్చి దవాఖాన గేటు దగ్గర ఆరుగురి చేతుల్లో పెట్టండి. పెట్టేదాకా ఒక్కడూ ఎక్కడు.