ఖాళీ గళ్ళ పేజీ

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ మూల కూర్చున్నదానివి నువ్వూ రామ్మా, నా గొంతు అంతదూరం రాదు. సిరాపిల్ల ఊరందరినీ ఏడిపించి, అదే ఊరిచేత తన పుట్టింటి పత్రికను నిలబెట్టించిన సంగతి చెబుతాను.

సిరాపిల్ల అంటే పిల్లేమీ కాదు, తల సగం నెరిసిన మనిషి. నడక నేర్చిన రోజుల్లో తండ్రి అచ్చాపీసులో సిరా డబ్బాలో రెండు చేతులూ ముంచి గోడంతా అద్దిందని ఆ పేరు అంటుకుంది, ఇక వదల్లేదు. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక తనూ ఓ వారపత్రిక పెట్టింది. ఇంతలో బేరాలు పడిపోయిన కాలం వచ్చింది. మాంద్యమట, దానికి పెద్దవాళ్ళు పెట్టిన పేరు. దుకాణాలవాళ్ళు ప్రకటనలు మానేశారు, ఆ పత్రిక మూతపడింది. ఆఖరి సంచిక మడతపెట్టిన రోజు ఆమె కంట తడి పెట్టలేదు. "నాది పోయింది, సరే. ఇంకొకళ్ళది పోనివ్వను" అని చిన్న పత్రికలవాళ్ళ సంఘంలో చేరింది. ఊరూరా తిరిగి, మునిగిపోతున్న పత్రికలకు దారి చూపించే పని నెత్తినేసుకుంది. అలా తిరిగీ తిరిగీ ఓ రోజు పుట్టింటి గుమ్మంలో దిగింది.

"వచ్చావా తల్లీ! ఊళ్ళన్నీ బాగుచేశాక మేం గుర్తొచ్చామన్నమాట" అంది వదిన.

"నువ్వు పిలిస్తేగా వదినా! మునిగేదాకా చెయ్యెత్తవు నువ్వు."

"ఇప్పుడూ ఎత్తలేదు. కబురు పెట్టింది మీ అన్న. ముందు టీ తాగు, తర్వాత తీరిగ్గా తిట్టుకుందాం."

తండ్రి పోయాక ఆ నాలుగు పేజీల పత్రికను అన్నావదినలే లాక్కొస్తున్నారు. వార్తలు రాయడం, వీధులు తిరగడం, తగాదాలు పడడం వదిన వంతు. అన్నది యంత్రం పని. దానికి నూనె పోసినట్టు ఆయనకూ పోస్తే తప్ప ఒక మాట బయటికి రాదు.

ఆఖరి పేజీ బజారు పేజీ, అంతా కొట్లవాళ్ళ ప్రకటనలే. దర్జీకో గడి, సైకిళ్ళాయనకో గడి, సెలూనాయనకో గడి, అలా వరసగా. ఇళ్ళ స్థలాల్లా ఎవరి గడి వాళ్ళకు తండ్రుల నాటినుంచీ వస్తోంది. ఈసారి అందరూ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే మానుకున్నారు. "మీ పేపరు ఇప్పుడెవరు చదువుతున్నారమ్మా?" అని సెలూనాయన వదిన మొహం మీదే అనేశాడు. ఇది చూసి మూడంతస్తుల దుకాణం ఆసామి రంగంలోకి దిగాడు. పత్రిక తనకు అమ్మేయాలట. పేరు అలాగే ఉంచుతాడట, లోపల మాత్రం తన సరుకుల బొమ్మలు వేసుకుంటాడట. శనివారం జవాబు చెప్పమన్నాడు.

"చావనైనా చస్తాను గానీ ఇవ్వను" అని, వదిన వార్తల కోసం బయటికి వెళ్ళిపోయింది.

మామూలుగా సిరాపిల్ల ఇలాంటిచోట ఒకటే చెప్పేది, పేజీలు తగ్గించుకోమని. కానీ తండ్రి గీసిన ఆ గళ్ళను తీసేయమనడానికి నోరు రాలేదు. కడుపు మండిపోయింది.

"అన్నయ్యా, గీతలు ఉంచు, పైన పేర్లూ ఉంచు. లోపల తెల్లగా వదిలెయ్. మనం లేకపోతే తమ బతుకు ఎలా ఉంటుందో కళ్ళారా చూసుకోనీ."

అన్న తల గోక్కున్నాడు. "గళ్ళన్నీనా?"

"అన్నీ!"

ఆయన రెండోసారి అడిగే మనిషి కాదు. వదిన తిరిగొచ్చేసరికి పేపరు కట్టలు కట్టలుగా బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వీధి వీధంతా గోల. దర్జీ తలుపు దగ్గర ఆడవాళ్ళు గుమిగూడి, కుట్టకపోయినా ఫరవాలేదు, మా గుడ్డలు మాకిచ్చేయమంటున్నారు. సైకిళ్ళాయన్ని పట్టుకుని ఎవరో వీపు నిమురుతున్నారు. సిరాపిల్లకు తలా తోకా తెలియలేదు. ఇంతలో సెలూనాయన నలిగిన పేపరు ఊపుకుంటూ అచ్చాపీసులోకి దూసుకొచ్చాడు, వెనకే దర్జీ, సైకిళ్ళాయన, ఇంకా సగం బజారు.

"ఎవరమ్మా నన్ను చంపింది? తలుపు తీస్తే పక్కింటి తాతగారు నన్ను చూసి నోరు తెరిచి నిలబడిపోయారు! మా అత్తగారు ఏడుస్తూ దిగింది. నేను బతికున్నానని చూశాక ఇంకా ఎక్కువ ఏడ్చింది!"

వదిన పేపరు లాక్కుని చూసి నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేశారే! ఇది మావయ్యగారు పెట్టిన పద్ధతి. నువ్వు అత్తారింటికి వెళ్ళాక మొదలైంది. కొట్టు మూతపడినా, కొట్టాయన కన్నుమూసినా, ఆ వారం వాళ్ళ గడి ఖాళీగా వదిలేవారు. అది చూసి ఊరు ఊరంతా ఆ ఇంటికి పలకరింపుకు వెళ్ళేది."

సిరాపిల్ల అన్నవైపు తిరిగింది. "నువ్వు చెప్పొద్దూ అన్నయ్యా?"

"గళ్ళన్నీనా అని అడిగానుగా" అన్నాడు అన్న.

క్షమించమని చేతులు జోడించబోయిన సిరాపిల్ల, ఏదో తట్టి మధ్యలో ఆగిపోయింది. సెలూనాయన చేతిలోని పేపరు చూసింది. వెనకున్న జనం చేతుల్లోనూ అదే పేపరు.

"తప్పు నాదే బాబాయ్. ముందు పేజీలో పెద్దక్షరాలతో ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట చెప్పండి. మీ అత్తగారికి ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేమిటి, పేపర్లో చూసింది!"

"పక్కింటి తాతగారు?"

"ఆయనా పేపర్లోనే..."

"ఎవరూ చదవడం లేదన్నారట?"

సెలూనాయన చేతిలోని పేపరును వెనక్కి దాచుకున్నాడు. ముందు దర్జీ పకపకా నవ్వాడు. తర్వాత ఆగినవాళ్ళు లేరు.

ఆ నవ్వు చల్లారకముందే సిరాపిల్ల అందరినీ కాగితాల కట్టల మీద కూర్చోబెట్టింది. "ఎవరి గడి వాళ్ళు మోసే రోజులు పోయాయి. పేజీ అందరిదీ, ఖర్చూ అందరిదీ. ఈ వారం ఎవరి దగ్గర కొత్తగా ఏముందో, ఏ పని చవగ్గా చేస్తారో వదిన వచ్చి అడిగి రాసుకుంటుంది. పేపరు మీ కొట్లలోనే అమ్మండి. చేతిలో డబ్బు ఆడనివాళ్ళు పేపరు అమ్మిపెట్టినా వాళ్ళ వంతు ఇచ్చినట్టే. దూరాన ఉన్నవాళ్ళకు చందా కట్టించుకుని ఫోన్లో పంపుతాం."

"నా పేరు సెలూన్ కింద వేస్తే ఒప్పుకోను" అన్నాడు సైకిళ్ళాయన.

"వారానికొకరు పైన. సరేనా? ఇక మూతి ముడవకండి" అంది వదిన.

ఆ సాయంత్రమే ఒక్క కాగితం అచ్చువేశారు. తప్పు ఒప్పుకున్న మాటల పైన, నెత్తిన పెద్దక్షరాలు: అందరూ బతికే ఉన్నారు. ప్రతి కొట్టు తలుపుకూ అదే అంటించారు. పలకరింపుకు వచ్చినవాళ్ళు ఉత్త చేతుల్తో పోలేక గడ్డాలు గీయించుకుని, సైకిళ్ళకు గాలి కొట్టించుకుని మరీ వెళ్ళారు.

శనివారం మూడంతస్తుల ఆసామి మెట్లెక్కి వచ్చాడు. "ఏమంటారు?"

"అమ్మం" అంది వదిన.

"అందరితోపాటు మీకూ ఒక వరస ఇస్తాం. దర్జీకి ఎంత పొడవో మీకూ అంతే" అంది సిరాపిల్ల.

ఆయన మొహం మాడిపోయింది. "ఈ కాలం ఇప్పట్లో పోదమ్మా. రేపు నా గుమ్మం ముందు నిలబడతారు."

"నిలబడతాం. వార్త రాసుకోవడానికి" అంది వదిన.

అప్పుడు యంత్రం వెనకనుంచి, ఎవరూ నూనె పోయకుండానే, అన్న గొంతు వినిపించింది. "అయ్యగారికి ఓ గడి ఖాళీగా వదలనా?"

ఆసామి మెట్లు దిగిన వేగం చూడాలి!

బేరాలు వెంటనే లేచాయని అబద్ధం చెప్పను. పేపరు కొన్ని వారాలు పలచగా వచ్చింది, కొన్ని వారాలు ఒకే కాగితంగా వచ్చింది. కానీ వచ్చింది. సిరాపిల్ల సంచీ భుజాన వేసుకుని ఇంకో ఊరి పత్రిక కోసం బయల్దేరింది.

ఇదంతా గుర్తుంచుకోండర్రా. ఎవరైనా చేతులెత్తేసి కూర్చుంటే పక్కన కూర్చుని చెప్పండి. మీకు నచ్చినట్టు తిప్పి చెప్పుకోండి, నాకేం ఫరవాలేదు. సెలూనాయన అత్తగారి రెండో ఏడుపు మాత్రం మరిచిపోకండి.