వెనిగర్‌కు గీసిన గీత

అల్లుడికి లెక్కలొచ్చు. అవి తప్ప మరేమీ రావని సాస్ కంపెనీలో అందరికీ తెలుసు, అతనికీ మామగారికీ తప్ప.

కంపెనీ మామగారిది. సాస్‌లో వెనిగర్ ఘాటు ఎక్కువైందని కొనేవాళ్లు మూతి విరుస్తున్నారు. వెనిగర్ తీసేసి నిమ్మ ఉప్పు వేద్దామన్నాడాయన. వేస్తే సీసాలో బ్యాక్టీరియా పెరుగుతుందా, లేదా? తేల్చే పని అల్లుడు నెత్తికెత్తుకున్నాడు. పెళ్లయింది మొదలు మామగారి చేత శభాష్ అనిపించుకోవాలని కాచుకుని కూర్చున్నవాడాయె.

అతని భార్య అక్కడే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి లెక్కపెడుతుంది. ఆమె పాత కొలతలు తీసుకుని, పులుపును బట్టి బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందో కంప్యూటర్‌లో నమూనా కట్టాడు. గీత నున్నగా వంగింది. పులుపు ఒక హద్దు దాటితే పెరుగుదల సున్నా.

"ఆ కొలతలన్నీ వెనిగర్‌తో తీసినవండీ," అంది భార్య. "నిమ్మ ఉప్పుతో ఒక్కటీ లేదు."

"పీహెచ్ ఒకటేగా? పులుపు పులుపే."

"పీహెచ్ ఒకటైనా వెనిగర్ బ్యాక్టీరియా ఒంట్లోకి దూరి దాన్ని ఎదగనివ్వదు. నిమ్మ ఉప్పు అంతగా దూరదు, గుమ్మంలోనే నిలబడుతుంది."

"నా సమీకరణంలో గుమ్మాల్లేవు."

"అదేగా నేనూ అంటున్నది!"

చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదని, ఆమె రెండు రకాల సాస్ ఒకే పీహెచ్‌తో కలిపింది. రెండింటిలోనూ సాస్‌ను చెడగొట్టే బ్యాక్టీరియా చుక్క వేసి, వెచ్చటి అరలో పెట్టింది. కొన్ని రోజులైనా వెనిగర్ సీసా మారలేదు. నిమ్మ ఉప్పు సీసా మూత ఉబ్బింది.

ఆ ఫలితం చూసి అల్లుడు, "చేతులు సరిగ్గా కడుక్కున్నావా?" అన్నాడు. నమూనాకు లొంగని ఆ ఫలితపు చుక్కను గ్రాఫులోంచి చెరిపేశాడు. అతని గీతను నమ్మి చేసిన కొత్త సాస్ అప్పటికే లారీకెక్కుతోంది మరి.

ఆమె సీసా, చెంచా పట్టుకుని తిన్నగా తండ్రి గదిలోకి నడిచింది. అల్లుడు అక్కడే గ్రాఫు చూపిస్తూ మురిసిపోతున్నాడు.

"నాన్నా, ఆయన గీత ప్రకారం ఇందులో ఏమీ పెరగకూడదు. ఓ చెంచా తినమను."

మూత తీస్తే బుస్సుమంది. వాసనకు మామగారు వెనక్కి జరిగాడు.

"తిను అల్లుడూ, నీ లెక్కేగా!"

"పొద్దుట్నుంచీ కడుపులో బాగోలేదు మామయ్యగారూ."

"నీ కడుపు సంగతి సరే. కొన్నవాళ్ల కడుపు సంగతేంటి?"

అల్లుడు చెంచా ముట్టలేదు, తప్పూ ఒప్పుకోలేదు. మామగారు సరుకు దించమన్నాడు. జనం మీద జాలితో కాదు, కంపెనీ పేరు పోతుందని.

అల్లుడు కిందికి దిగాక, ఎక్కించిన పెట్టెలే మళ్లీ దించుతున్న కూలీలు కారణమడిగారు.

"ల్యాబ్ వాళ్ల పొరపాటు," అన్నాడతను.

వెనకే వస్తున్న భార్య విన్నది. అతనితో ఆమె మాటలు ఆ మెట్ల మీదే ఆగిపోయాయి. నిమ్మ ఉప్పు కొలతలు మాత్రం మొదలుపెట్టింది. అవి అతని కోసం కాదు, సాస్ తినేవాళ్ల కోసం.