దాలినాయుని గోరు

మార్గశిరమాసము. తుహినావగుంఠిత శిఖరపరంపరలచేఁ బరివృతమయిన చింతపల్లి కనుమదారియందు సూర్యుఁడు జామెక్కియు వేఁడిమి చూపలేక వెలవెలఁబోవుచుండెను. కాఫీతోఁటల మీఁదినుండి జాఱివచ్చు మంచు లోయలను నింపి మలుపు మలుపునను దారిని మ్రింగివేయుచుండఁగా కొండచఱియలందలి వలిసెపూల పసిమి యొక్కటియే కంటికిఁ గొంత యాధారమై యుండెను. ఎదుటి బండి ముక్కుమీఁదికి వచ్చువఱకుఁ గానరాని యట్టి ప్రాతఃకాలమున రాజ్మాగింజల బస్తాలను నిండ నెత్తుకొని వానిపై సంతకుఁ బోవు తొమ్మండుగురు కొండస్త్రీలను గూర్చుండఁబెట్టుకొని యొక లారీ నర్సీపట్నము దెసకు దిగుచుండెను.

దానిని నడుపువాఁడు లోవరాజు. నలువదియెనిమిదేండ్ల ప్రాయమువాఁడు, మితభాషి, ఇరువదియేండ్లుగా నా కనుమ నెక్కుచు దిగుచు నొక్క మేఁకపిల్లనైనఁ ద్రొక్కింపనివాఁడు. దైవమునకుఁ దరువాత వాఁడు నమ్మినది లోకమున నొక్క మనుష్యునే. ఆ మనుష్యుఁడు మెకానిక్కు దాలినాయుఁడు. ఇది లారీ కథ యని చేపట్టినవారు నన్ను క్షమింతురు గాక. లారీయు నిందుఁ గలదు.

ఏడవ మలుపునొద్ద లోవరాజు బ్రేకు త్రొక్కెను. త్రొక్కినంతనే తక్కిన చక్రములన్నియుఁ బట్టుకొనఁగా నెడమవైపు వెనుకచక్ర మొక్కటి పట్టుదప్పి దొరలిపోవుటచే నంత భారము కుడిదెసకు లోయవంకకు మరలెను. పైనున్న స్త్రీలకుఁ గేక వేయుటకైనను వ్యవధి లేకపోయెను. లోవరాజు గేరు తగ్గించి చేతిబ్రేకు లాగి స్టీరింగును రెండుచేతులఁ బెనఁగి త్రిప్పఁగా ముందుచక్రము దారియంచునఁ బాఁతిన తెల్లరాతి కానుకొని బండి యెట్టకేలకు నిలిచెను. స్త్రీలు దిగి తమ బుట్టల నెత్తికెత్తుకొని నడక సాగించిరి. వారిలో నొక ముసలిది మాత్రము వెనుదిరిగి వాని మొగముకేసి చూచెను. 

వాఁడు బండిక్రింద దూఱి చూచెను. ఎడమ వెనుకచక్రము లోపలి ప్రక్కనంతయు నల్లని తడి వ్యాపించి యుండెను. అది బ్రేకునూనె యగునేమో యని వ్రేల నంటి రాచి వాసన చూచెను. బ్రేకునూనె పలుచనిది, ఇది చిక్కనిదై ముక్కులు పగులు గంధకపుఁగంపు గొట్టుచుండెను. ఇరుసులోపలి గేరునూనె యని నిశ్చయమయ్యెను. ఇరుసు చివర నా నూనెను బయటికిఁ బోనీయక నిలుపు రబ్బరుపెదవి గల వలయమును సీలందురు. సీలు వదలెనేని నూనె డ్రమ్ములోనికి దిగి బ్రేకుచెక్కలను దడుపును. తడిసిన చెక్క చక్రమును బట్టదు. ఆ సీలు పదునెనిమిది దినముల క్రిందట దాలినాయుఁడు వేసినది. అంతకు ముందు నెలలో వేసినవాఁడును దాలినాయుఁడే.

ఆ దాలినాయుని ఖ్యాతి యేమని చెప్పవలెను! నర్సీపట్నము పొలిమేర రేకులషెడ్డులో నలువదియేండ్లు గడిపిన వృద్ధుఁడు. సీలు కాఱినయెడల నందఱును సీలునే చూతురు; అతఁడు సీలుపెదవి యానుకొని తిరుగు నుక్కుకడియమును జూచువాఁడు. ఏండ్లతరబడి తిరిగి తిరిగి యా మెత్తని రబ్బరే గట్టి యుక్కునందు వెండ్రుకవాసి గాడి కోయును. గాడిపడిన కడియముపై నెన్ని క్రొత్తసీలులు వేసినను బూడిదలోఁ బోసిన పన్నీరే. కన్నుల కగపడని యా గాడిని దాలినాయుఁడు కన్నులు మూసికొని చూపుడువ్రేలి కొనగోటితో నొక్క చుట్టు చుట్టి కనుఁగొనెడివాఁడు. పాడేరునుండి తునివఱకు డ్రైవర్లు నాయుడు గోరు నాయుడు గోరని చెప్పుకొనెడివారు.

ఏఁడాదిగా నతఁడు నడుమునొప్పి యను మిషతో నెవ్వరి బండికిని వెనుక ఇరుసుపని చేయుట మానివేసెను. లోవరాజు బండికి మాత్రము మానలేదు. ఇది లోవరాజునకు గొప్ప గర్వకారణమయ్యెను. ముసలివాఁడు నాసిరకపు సీలులు వేయుచున్నాఁడని టీకొట్టునొద్ద నొకఁడనఁగా మితభాషియగు మనవాఁడే వాని చొక్కా పట్టుకొనెను.

అట్టివాఁడు నాఁడు బస్తాలు దింపించి బండిని నెమ్మదిగా షెడ్డునకుఁ దోలుచు దారిలో నాఁగి తానే యొక క్రొత్తసీలు కొనెను. ఇరువదియేండ్లలో వాఁడు సామాను తానుగాఁ గొనుట యదే మొదలు. కొనిన పిమ్మట దానిని సీటుక్రింద దాఁచి తన యనుమానమునకుఁ దానే సిగ్గుపడెను.

దాలినాయుఁడు సంగతి విని మొగము చిన్నబుచ్చుకొని పని కుపక్రమించెను. ఇరుసు నెత్తిమీఁద గాలి విడుచు చిన్నగొట్టము పూడుకొనినచో లోపలి వేఁడిగాలి నూనెను సీలుమీఁదికిఁ ద్రోయును గావున ముందుగా దాని నూఁది చూచెను, గాలి యాడుచుండెను. నూనె మట్టము సరిగానే యుండెను. ఇరుసుకడ్డీని లాగి నట్టు విప్పి డ్రమ్మును దింపఁగా బ్రేకుచెక్కలు నూనెతో నిగనిగలాడుచుండెను. బేరింగులలో వదులు లేదు. ఇఁక మిగిలినది యుక్కుకడియ మొక్కటియే.

దానిని డీజిలుతోఁ గడిగి గుడ్డతోఁ దుడిచి దాలినాయుఁడు కన్నులు మూసికొనెను. లోవరాజు ప్రక్కననే నిలిచి చూచుచుండెను. గోరు కడియముచుట్టు నెమ్మదిగాఁ దిరిగివచ్చెను.

“అద్దం నాగుంది తమ్ముడూ. తప్పు సీలుదే.”

ఆ మాట లోవరాజు చెవిఁ బడుచుండఁగానే వాని కన్నులు మఱియొకటి చూచుచుండెను. తుడిచిన తెల్లని యుక్కుమీఁద వ్రేలు పోయిన దారిఁబట్టి సన్నని యెఱ్ఱగీఁత యొకటి యేర్పడి యుండెను. గాడియంచున లేచిన యుక్కుపొలుసు వృద్ధుని కుడిచేతి వ్రేలికొనను గోసివేసెను. నెత్తురు చుక్కచుక్కగా డీజిలుపళ్ళెములోఁ బడుచుండెను. అతఁడు మాత్రము తెగిన వ్రేలితోనే సీలుకొఱకుఁ జేయి చాఁచుచుండెను.

“నాయుడన్నా, నీ ఏలు తెగింది.”

దాలినాయుఁడు ముందుగాఁ దన యెడమచేతిని జూచుకొనెను.

లోవరాజు ముందునకు వంగి మొద్దుబాఱిన తన గోటినే యా కడియముపై నుంచి త్రిప్పెను. అది తట్టుకొని నిలిచెను. మఱల ద్రిప్పఁగా మఱల నచ్చటనే తట్టుకొనెను. నూనె డబ్బాల లెక్కతప్ప యంత్రరహస్య మేమియు నెఱుఁగని డ్రైవరుగోటికిఁ దెలిసిన గాడి నాయుడు గోటికిఁ దెలియకపోయెను.

అప్పు డా వృద్ధుఁడు పీఁటమీఁదఁ గూలఁబడి తలవంచుకొని చెప్పివేసెను. చక్కెరజబ్బు వలన వ్రేళ్ళకొనలు మొద్దుబాఱి పదునాలుగు మాసములయ్యెనఁట. కాఁగిన పెనము పట్టుకొనినను దెలియదఁట. భార్యకుఁ దప్ప నెవ్వరికిని చెప్పలేదఁట. తన చేఁతచే నెవని ప్రాణము మీఁదికి వచ్చునో యను భయముచేతనే వెనుక ఇరుసుపనులు మానుకొనెనఁట. ఇంతవఱకు వినునప్పటికి లోవరాజు కోపము సగము చల్లాఱి కన్నులఁ దడి నిలిచెను. అక్కడితో నూరకుండియుండిన నా స్నేహము నిలిచెడిదేమో. కాని యనుమానము నోరు తెఱచినపిదప మూయుట కష్టము.

“అందరి బళ్ళూ ఒగ్గేసినోడివి, నా బండెందుకు ముట్టుకున్నావన్నా?”

 గుడ్డపేలిక నొకదానిని వ్రేలికిఁ జుట్టుకొని పంటితో ముడి బిగించుకొని పిదప దాలినాయుఁడనెను.

“ఆళ్ళు పనయ్యాక దిగి సూత్తారు లోవా. నువ్వు సూడవు.”

నమ్మకద్రోహమన నిదియే. నమ్మనివానిని మోసగించుటకుఁ దెలివి కావలెను. నమ్మినవానిని మోసగించుట కేమియు నక్కఱలేదు. పరాయివారి ప్రాణములకు వెఱచినవాఁడు తన్ను “అన్నా” యని పిలుచువాని ప్రాణమును నిశ్చింతగాఁ గొండమీఁదికిఁ బంపెను. తాను గొప్పగాఁ జెప్పుకొనిన యాదరము తన గ్రుడ్డితనమునకు లభించిన బహుమానమని లోవరాజునకు నాఁడు తెలిసెను. వాని చేత నప్పుడు పెద్దస్పానరు గలదు. దానిని గట్టిగాఁ బట్టుకొని కొంతసేపు నిలిచి పిదప మెల్లగా నేలఁ బెట్టెను.

బండి విప్పి పడియున్నది. మఱియొక షెడ్డునకుఁ దోలుట కుదురదు. “నువ్వు సెప్పు. సేసేది నాను” అని లోవరాజు కఠినముగాఁ బలికెను. వృద్ధుఁడు పీఁటమీఁదనుండి చెప్పుచుండ వాఁడు చేయుచుండెను. పాతకడియమును ఉలితో నడ్డముగాఁ గొట్టి ఇరుసునకు గీఁత పడకుండ విడఁదీసెను. షెడ్డునందుండిన క్రొత్తకడియమును నూనెలోఁ గాఁచి యది వ్యాకోచించియుండఁగానే తొడిగి చల్లాఱనిచ్చెను. సీటుక్రిందనుండి సీలు తీసి పెదవిని నూనె నిలుచు లోపలిదెసకుఁ బెట్టి చుట్టును గొయ్యముక్కతో సమముగాఁ దట్టెను. ఆ సీలును జూచి దాలినాయుఁడు తా నుంచిన సీలును ప్రక్కకుఁ ద్రోసెను. క్రొత్తబ్రేకుచెక్కలు బిగించి డ్రమ్మును సబ్బునీళ్ళతోఁ గడిగి యెక్కించి చక్రమును ద్రిప్పుచు నట్టు బిగించి మఱల నొక్కింత వదలెను. ఒక్కటియు మఱవక యొక్కటియుఁ దప్పక వృద్ధుఁడు చెప్పినదంతయు నక్షరాల సరియైనదే. అతని విద్య యెచ్చటికిఁ బోలేదని తెలిసిన కొలఁది లోవరాజు మనస్సు మఱింత మండెను. నోటితో నొక్కమాట ముందు చెప్పియుండిన నీ విధముగానే పని జరిగియుండెడిది గదా.

గుడ్డలోనుండి నెత్తురు పైకుబుకుచుండెను. తెలియక యతఁడు దానిని పంచెకుఁ దుడుచుకొనుచుండెను. లోవరాజు చూచియు నూరకుండెను. వానికి జ్ఞానము వచ్చిన పిమ్మట చూచి యూరకుండిన నెత్తురు మఱియొకటి లేదు.

సాయంకాలము బండి కదలునప్పుడు దాలినాయుఁడు తలుపునొద్దకు వచ్చెను. “పది మైళ్ళు పోనిచ్చి ఓపాలి దిగి సూసుకో తమ్ముడూ” అనెను. ఆ మాట నలువదియేండ్లుగా నతఁడు తక్కిన డ్రైవర్లందఱితోను జెప్పునదే. లోవరాజుతోఁ జెప్పుట మాత్రము నాఁడు మొదలు. లోవరాజు గేరు వేసెను.

మూఁడవ దినమున మరల బస్తాలతో నిండిన బండి చింతపల్లి కనుమ దిగుచుండెను. బ్రేకు త్రొక్కినప్పుడెల్ల నాలుగు చక్రములును జక్కఁగాఁ బట్టుకొనుచుండెను. అయినను మొదటి మలుపునొద్ద లోవరాజు బండి నాపి దిగి యెడమ వెనుకచక్రము లోపల నఱచేయి పెట్టి చూచెను, పొడిగా నుండెను. రెండవ మలుపునొద్దను మూఁడవ మలుపునొద్దను నట్లే చూచెను, అట్లే యుండెను. నాలుగవ మలుపునొద్ద వెనుకవచ్చు బండివాఁడు హారను మ్రోఁగించి యేమి చెడినదని యడుగఁగా నేమియు లేదని చెప్పెను. చెప్పి బండి యెక్కి, ఏమియు లేదని తానే యెఱిఁగియు, ఐదవ మలుపునొద్ద మరల దిగెను.