మగ్గం మీద బాపు

మయూరి ఇవాళ్టి లెక్కను షీటులోకి ఎక్కిస్తోంది. ఎడమ వరుసలో ఒట్టి చద్దరు బొమ్మ ఉన్న ప్రకటనను నొక్కినవాళ్లు, కుడి వరుసలో తను బాపు అని పిలిచే తండ్రి ఫోటో ఉన్నదాన్ని నొక్కినవాళ్లు. చుట్టూ నడుమెత్తున చద్దర్ల కట్టలు. నూలు దుమ్ము కీబోర్డు సందుల్లో చేరితే పాత టూత్‌బ్రష్‌తో దులుపుకుని, మళ్లీ అంకెలు కొడుతోంది.

పన్నెండో తరగతి తప్పి, చద్దర్లు మడతపెట్టడానికి ఈ గోదాములోకి వచ్చిన మనిషి. కరోనా తర్వాత సేటు ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెడితే మడతలు మాని మౌసు పట్టింది. హిందీ వీడియోలు చూసి ప్రకటనలు పెట్టడం, రెండింటిలో ఏది మేలో పరీక్షించడం నేర్చుకుంది. రెండింటినీ జనానికి సమానంగా చూపాలి. కనిపించిన తేడా నిజమైనదా, గాలివాటమా అన్నది చివర్లో షీటే చెబుతుంది. అయితే పెట్టుకున్న గడువు దాకా ఆగాలి, మధ్యలో ఆపితే పరీక్ష చెడుతుంది. ఈ ఒక్క నియమాన్ని ఆమె ఉపవాసంలా పాటిస్తుంది. గడువు ఇవాళ్టితో తీరుతుంది.

ఆ ఫోటో ఆలోచన సేటుది కాదు, ఆమెదే. తండ్రి పెంటప్ప బతుకంతా కార్ఖానాలో పవర్‌లూమ్‌లు నడిపాడు. ఆ మోతకు ఎడమ చెవి పోయింది. చేతిమగ్గం మాత్రం ఏనాడూ నేయలేదు. వాళ్లుండే నీలం నగర్‌లో ఉన్న చేతిమగ్గం ఒక్కటే, అదీ దేవుడిది. నూలు పున్నమి నాడు మార్కండేయుడి ఊరేగింపులో దాన్ని బండి మీదికి ఎక్కిస్తారు, బండి కదులుతుండగా ఒక పెద్దాయన దేవుడికి బట్ట నేసేవాడు. మయూరి ఆ మగ్గం మీద తండ్రిని కూర్చోబెట్టి ఫోటో తీసింది. కింద ‘నలభై ఏళ్ల చేనేత చేతులు’ అని రాసింది. కూతురి మాట కాదనలేక ఆయన చెప్పులు విడిచి, మగ్గానికి దండం పెట్టి మరీ కూర్చున్నాడు.

ప్రకటన ఊళ్లోవాళ్ల ఫోన్లలోకీ వచ్చింది. చాయ్ హోటల్లో, ఒకప్పుడు పక్క లూమ్ నడిపిన కొమురయ్య అందరి ముందూ అందుకున్నాడు.

“ఏం రా పెంటప్పా, గా చేతిమగ్గం గిన్నేండ్లు యాడ దాచినవ్ రా?”

అందరూ నవ్వారు. పెంటప్ప కూడా నవ్వాడు. మర్నాటి నుంచి చాయ్‌కి వెళ్లడం మానేశాడు.

అదైనా ఓర్చుకున్నాడు. మొన్న ఊరేగింపు జరిపే యువక మండలం కుర్రాడు వినాయక్ ఇంటికి వచ్చి ఆయన కాళ్లకు మొక్కాడు. నేసే పెద్దాయన పోయాక ఊరేగింపులో మగ్గం ఖాళీగానే వెళుతోంది.

“కాకా, నువ్వు చేత్తోని నేస్తవని మాకు తెల్వనే తెల్వదు. గీసారి బండి మీద నువ్వే కూసోవాలె.”

పెంటప్ప కూతురి వైపు చూశాడు. నిజం చెప్పాల్సింది ఆమె. తలదించుకుంది. “సూద్దాం తియ్” అని ఆయన కుర్రాడిని పంపించాడు.

నిన్న పొద్దున ప్రకటన సంగతి నెమ్మదిగా అడిగాడు. “గా జాహిరాత్ తీసెయ్ బిడ్డా. గది ఉట్టిగ తీసిన ఫోటు అని ఆ పోరగాండ్లకు నువ్వే చెప్పు.”

“మధ్యల ఆపరాదు బాపూ, టెస్ట్ ఖరాబైతది. రేపటితోని ఐపోతది. అప్పుడు చెప్త.”

ఆయన మళ్లీ అడగలేదు. టోపీ ఉతుక్కుని గంజి పెట్టుకున్నాడు. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఏటా ఆ ఊరేగింపులో తెల్ల టోపీ పెట్టుకుని ముందు నడిచిన మనిషి.

మయూరి చివరి అంకె కొట్టి, రెండు వరుసలనూ కలిపి సూత్రం వేసింది. సున్నా పాయింట్ సున్నా ఐదు లోపు వస్తే తేడా నిజమని నమ్మొచ్చు. వచ్చింది సున్నా పాయింట్ నాలుగు మూడు. మళ్లీ వేసింది. అదే. బాపును మగ్గం ఎక్కించినా ఒకటే, ఎక్కించకపోయినా ఒకటే.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బాపు ఫోటో గెలిచి ఉంటే ఇంత సిగ్గేసేదా అని తనను తాను ప్రశ్నించుకుంది. వేసేది కాదేమో అనిపించి ఇంకా సిగ్గేసింది. ప్రకటన ఆపేసి, సేటుకు పండుగ పనుందని చెప్పి ఇంటికి బయలుదేరింది.

తల్లి చంద్రభాగ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తలేదు.

“బాపు ఏడి అవ్వా?”

“భివండికి పోయిండు, సుందరాబాయి అత్త ఇంటికి. పున్నమి ఐనంక వస్తడట.”

“నాకొక్క ఫోన్ చెయ్యరాదా?”

“నేను చేస్తనంటె వద్దన్నడు. నీ టెస్ట్ ఖరాబైతదట.”

 బయట కుర్రాళ్లు మగ్గాన్ని బండి మీదికి ఎక్కిస్తున్నారు. వినాయక్ గుమ్మంలోకి తొంగి చూశాడు.

“అక్కా, కాక రేపటికి తయారే కదా?”

“బాపుకు చేతిమగ్గం రాదు వినాయక్. నేనే అబద్ధం పెట్టిన.”

గల్లీలోకి వచ్చి అందరికీ వినిపించేలా ఇంకోసారి చెప్పింది. ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్లు ఖాళీ మగ్గాన్ని తాళ్లతో బండికి కట్టుకున్నారు. ఆమె లోపలికి వచ్చేసరికి మేకుకు బాపు టోపీ వేలాడుతోంది, గంజికి గట్టిపడి, రేపటి కోసం పెట్టిన మడత ఇంకా విప్పకుండానే.