రోగి భోజనం

ఆ నియమం ఎవడి బుర్రలో పుట్టిందో గాని, వాడు జన్మలో ఒక్కసారైనా జబ్బు పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు మాత్రం కాదు. పిల్లల వార్డులో ఒక్కో పిల్లకు ఒక్కరే తోడు, మధ్యలో మనిషి మారకూడదు. సరే, ఊరంతా అంటుకున్న రోగం, ఒప్పుకుందాం. వార్డులో ఉన్నంతసేపూ తోడున్న మనిషి మాస్కు తీయకూడదు. అదీ ఒప్పుకుందాం. మాస్కు తీయకూడదు కాబట్టి తినకూడదు, తాగకూడదు. తినాలంటే కింద గేటు బయట వేసిన టెంటుకు పోవాలి. గేటు దాటారా, మళ్ళీ ముక్కులో పుల్ల పెట్టించుకుని, ఆ ఫలితం మర్నాడు వచ్చేదాకా బయటే పడి ఉండాలి. అంటే గుక్కెడు మంచినీళ్ళ కోసం పిల్లను ఒక రోజంతా వదిలేసి పోవాలన్నమాట. ఇంత తెలివి ఒక్క తలకాయలో పట్టదు, నలుగురు కూర్చుని ఆలోచించి ఉంటారు.

కండక్టరమ్మకు ఈ సంగతి పైకి వచ్చాక గాని తెలియలేదు. సిటీ బస్సులో కండక్టరు ఆమె. ఏడు నెలల కూతురు కాళ్ళు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంటే మొగుడూ పెళ్ళాం ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చారు. పేగు పేగులోకి దూరిపోయింది, వెంటనే కోయాలన్నారు. మొగుడు కిందే ఆగిపోయాడు. ఆమె చేతికి తోడు మనిషి పట్టీ కట్టి పైకి పంపారు.

ఆపరేషను బాగానే జరిగింది. పిల్ల పొట్ట మీద కట్టు, చేతికి సెలైను.

"పేగు కదిలేదాకా నోటికి ఏమీ ఇవ్వొద్దు. కదిలాక తల్లిపాలే. డబ్బాపాలు ఇప్పట్లో వద్దు, ఆ పేగు తట్టుకోదు. పాలు ఎండిపోకుండా చూసుకోమ్మా" అని చెప్పి, సర్జను తన దారిన తాను వెళ్ళిపోయాడు.

చూసుకోవాలంటే తినాలి కదా. మొగుడు ఇంటినుంచి అన్నం డబ్బా తెచ్చి గేటులో ఇస్తే, ఆయా పైకి తెచ్చిచ్చింది. డబ్బా రావచ్చట. తెరవడమే కుదరదట. ఈ విడ్డూరమేమిటో కనుక్కుందామని కండక్టరమ్మ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మొహానికి ఎప్పుడూ ప్లాస్టిక్ రేకు తగిలించుకుని తిరిగేవాడు. వార్డులో తల్లులంతా ఆయనకు డబ్బామొహం అని పేరు పెట్టుకున్నారు.

"సార్, అన్నం ఎక్కడ తినాలి?"

"వార్డు బయటమ్మా."

"బయటంటే ఈ వరండాలోనా?"

"వరండా కూడా వార్డు కిందికే వస్తుంది."

"మెట్ల మీద?"

"మెట్లూ అంతే."

"మరి వార్డు ఎక్కడ అయిపోతుంది సార్?"

"గేటు దగ్గర."

ఈ మాటలన్నీ ఆయన రేకు నెత్తి మీదికి ఎత్తుకుని, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, టీ తాగుతూ చెప్పాడు. ఆమె చూపు టీ గ్లాసు మీదే ఉందని కనిపెట్టి, "స్టాఫ్ వేరమ్మా" అన్నాడు. స్టాఫ్ ఊపిరి అత్తరు వాసన వేస్తుంది కాబోలు.

పక్క మంచం ఆవిడ ఇదంతా విని నవ్వు ఆపుకోలేకపోయింది. బ్యూటీ పార్లరులో పనిచేసే మనిషి. కాలు విరిగిన అయిదేళ్ళ కూతురికి తోడుగా అప్పటికే చాలా రోజులుగా ఉంటోంది. ఆ పిల్ల కాలికి బరువు వేలాడదీసి కదలకుండా పడుకోబెట్టారు.

"కొత్త కదా అక్కా, అందుకే అడిగావు. రా, డైనింగ్ హాలు చూపిస్తాను" అంది పార్లరావిడ.

డైనింగ్ హాలంటే వరండా చివర ఉన్న కక్కసు. ఛీ, రాయడానికే చేతులు రావట్లేదు. తలుపు బయట నలుగురు తల్లులు కొంగుల కింద డబ్బాలు దాచుకుని, ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. ఒకరు బయటికి రాగానే ఇంకొకరు దూరి గడియ పెట్టుకుంటున్నారు. లోపల కిటికీ లేదు. ఒక మూల పిల్లల మలం గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, కడిగినవో కడగనివో దేవుడికే తెలియాలి. ఇంకో మూల బోర్లించిన బకెట్టు, అదే కుర్చీ. తొట్టి వెనకాల గుడ్డు పెంకులు, నానిపోయిన రొట్టె ముక్క. ముందు తిన్నామె వదిలిన ఊపిరి ఇంకా వెచ్చగా అక్కడే ఉంది. ఎవరి ఊపిరి ఎవరికీ తగలకూడదని పెట్టిన నియమం, వార్డులో ఉన్న తల్లులందరినీ తెచ్చి ఒకే అగ్గిపెట్టెంత గదిలో మాస్కులు తీయించి కూర్చోబెట్టింది. ఈ సంగతి నర్సుకు తెలుసు, ఆయాకు తెలుసు, డబ్బామొహానికి ఇంకా బాగా తెలుసు. చూడనట్టు పోయేవాడు.

కండక్టరమ్మ బకెట్టు మీద కూర్చుని డబ్బా మూత తీసింది. కూర వాసన, ఫినాయిలు వాసన, ఆ గిన్నెల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నోట్లో పెట్టుకున్న ముద్ద పెట్టుకున్నట్టే బయటికి వచ్చేసింది. ఆమె మూతి కడుక్కుని, డబ్బా మూసేసి బయటపడింది.

"మొదట్లో నాకూ అంతే అక్కా. ముక్కు మూసుకుని మింగెయ్. రుచి తెలీకపోతే వాసన కూడా తెలీదు" అంది పార్లరావిడ.

"నా వల్ల కాదమ్మా. నేను ఉండగలను. నాకు అలవాటే" అంది కండక్టరమ్మ.

ఆ అలవాటే ఆమె కొంప ముంచింది. ఆమె తిరిగే రూటులో ఆడవాళ్ళకు ఒంటికి పోవడానికి చోటు లేదు. అందుకని డ్యూటీ ఎక్కితే దిగేదాకా చుక్క నీళ్ళు ముట్టదు. డిపోలో అందరూ ఆమెను ఒంటె అని ఏడిపిస్తారు. ఆ పేరంటే ఆమెకు లోపల్లోపల గర్వం కూడా. ఇదీ ఒక డ్యూటీ అనుకుంది. బిడ్డ కోసం ఆ మాత్రం నోరు కట్టుకోలేనా అనుకుంది. బస్సులో టికెట్లు కొట్టే చేతికి పాలతో పనిలేదన్న సంగతి ఆ నిమిషాన తట్టలేదు. గొంతు మరీ పిడచగట్టినప్పుడు వెళ్ళి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ కక్కసు కుళాయి కింద దోసిలి పట్టి ఒక్క గుక్క తాగి వచ్చేది. అది కూడా చాలాసార్లు కక్కేసేది.

మొగుడు గేటు దగ్గరనుంచి ఫోను చేసేవాడు.

"తిన్నావా?"

"ఆఁ, తిన్నా."

"నీళ్ళు బాగా తాగుతున్నావా?"

"తాగుతున్నాలే బాబూ, నువ్వెళ్ళి పడుకో."

మొదట్లో పాలు బాగానే ఉన్నాయి. తెర లాక్కుని గ్లాసులోకి పిండేది. దాచిపెట్టమని నర్సును అడిగితే, తోడు మనిషి నుంచి వచ్చినది బయటి వస్తువు కిందికి వస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టనివ్వరు అంది. పాపం, ఆ నర్సు పిల్లకు కూడా ఆ మాట చెప్పడానికి సిగ్గేసినట్టుంది, తల వంచుకుని చెప్పింది. బిడ్డ పొట్టలో ఉండాల్సిన పాలు తొట్టిలో పోసి నీళ్ళు వదలాలంటే కండక్టరమ్మకు చేతులు ఆడేవి కావు. తర్వాత గ్లాసు సగమైంది. ఆ తర్వాత అడుగు తడిసేది, అంతే. అలసట వల్లనేమో అనుకుని సర్దిచెప్పుకుంది.

పేగు కదిలింది. పాలు పట్టొచ్చని కబురు వచ్చింది. కండక్టరమ్మ పిల్లను జాగ్రత్తగా ఒళ్ళోకి తీసుకుని రొమ్ము అందించింది. ఇన్ని రోజులు ఎండిపోయిన నోరు అది, ఆత్రంగా పట్టుకుంది. రెండు సార్లు చప్పరించింది. వదిలేసి తల్లి మొహంలోకి చూసింది. మళ్ళీ పట్టుకుంది. ఏమీ రాలేదు. కుట్లున్న పొట్ట ఎగరేస్తూ పెట్టిన ఆ ఏడుపు వింటే రాయి కూడా కరుగుతుంది. రెండోవైపు మార్చింది, పిండింది, గోళ్ళు దిగబడేలా పిండింది. చుక్క లేదు. ఈ పిల్లకు ఈ లోకంలో పనికొచ్చే తిండి ఒక్కటే, అది తన ఒంట్లో లేదు. కండక్టరమ్మ నర్సును కేకేసింది.

నర్సు పిలిస్తే సర్జను వచ్చాడు. వెనకాలే డబ్బామొహం.

"పాలు లేకపోవడమేంటమ్మా? చిలక్కి చెప్పినట్టు చెప్పానుగా? టైముకి తినాలని తెలీదా? పిల్లతల్లివి, ఇంత నిర్లక్ష్యమైతే ఎలా?" అని అరిచాడు సర్జను.

కండక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లను నర్సు చేతుల్లో పెట్టింది. తోసుకుంటూ ఎక్కే జనాన్ని అదుపు చేసే గొంతు అది, మాస్కు ఉన్నా వార్డంతా వినబడింది.

"ఎక్కడ తినమంటారో చూపిస్తాను రండి సార్. మా భోజనాల గది మీరెప్పుడూ చూడలేదుగా!"

ముందు తను, వెనక సర్జను, ఆ వెనక "ఏంటమ్మా ఇది, ఏంటిది" అంటూ డబ్బామొహం. తలుపు మీద దబదబా బాదింది. లోపలి గడియ తీసిన చప్పుడైంది. పార్లరావిడ బకెట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో డబ్బా, బుగ్గలో ముద్ద. డాక్టరును చూసి లేవబోయి, లేవలేక, ఎంగిలి చేయి వెనక్కు దాచుకుంది.

సర్జను ముక్కు మీద చేయి పెట్టుకున్నాడు. మాస్కు మీదనుంచే. మలం గిన్నెల కేసి, డబ్బా కేసి మార్చి మార్చి చూశాడు. ఆ చూపులో సిగ్గుందని కండక్టరమ్మ సంబరపడింది. ఉండవలసినంత లేదని తర్వాత తెలిసింది.

"ఈ బిడ్డ తిండి ఈవిడే కదయ్యా! ఈవిడకి రోగి భోజనం రాసెయ్యండి. మంచం దగ్గరే తెర వేసుకుని తింటుంది" అన్నాడు.

"మిగతావాళ్ళు కూడా అడుగుతారు సార్" అని గొణిగాడు డబ్బామొహం.

"వాళ్ళ పిల్లలు పాలు తాగట్లేదుగా" అని చేతి గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు సర్జను.

మధ్యాహ్నం భోజనం కంచం వచ్చింది, పెద్ద సీసాడు మంచినీళ్ళతో సహా. కంచం వెనకాలే వడ్రంగి కూడా వచ్చాడు. వరండా చివరికి వెళ్ళి, కక్కసు తలుపుకున్న లోపలి గడియ మరలు ఒక్కొక్కటీ విప్పి, గడియను జేబులో వేసుకుని పోయాడు. ఆ తలుపు ముందు స్టూలు వేసి ఆయాను కూర్చోబెట్టారు. డబ్బామొహం ప్రతి మంచం దగ్గరా ఆగి చెప్పాడు.

"లోపల తింటున్నారని కంప్లయింట్ వచ్చిందమ్మా. ఇకనుంచి కుదరదు. ఆకలైతే కిందికి వెళ్ళండి. ఒంటికి పోవాలంటే లోపలికి వెళ్ళండి, ఆయా బయటే ఉంటుంది."

కంప్లయింట్ ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. తల్లులంతా ఒక్కసారి కండక్టరమ్మ వైపు చూసి తలలు తిప్పుకున్నారు. మురికి అని చూపిస్తే మురికిని కడుగుతారనుకుంది పిచ్చిది. ఆమె పార్లరావిడ మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నేను అందుకు చెప్పలేదు, ఒట్టు."

"నాకు తెలుసులే అక్కా. ముందు నువ్వు తిను. పాలు పడాలి."

"తెర లోపలికి రా. ఇద్దరం తిందాం."

"అమ్మో, వద్దు. తెర వెనకాల ఇద్దరు కనబడితే ఇద్దర్నీ కిందికి దింపేస్తానని చెప్పి మరీ పోయాడు. నీ పిల్ల గతేంటి, నా పిల్ల గతేంటి?"

కండక్టరమ్మ తెర లాక్కుని తినడం మొదలుపెట్టింది. రొట్టె మాత్రం తినకూడదు, కొంగులో చుట్టి ఎలాగైనా పక్క మంచానికి చేర్చాలని గట్టిగా అనుకుంది. అన్నం అయిపోయింది, పప్పు అయిపోయింది. చేయి రొట్టె మీదికి పోయింది. సగమే తుంచింది. ఆ సగం ఎప్పుడు మింగిందో, మిగతా సగం ఎప్పుడు అందుకుందో ఆమెకే తెలియదు. కంచం ఖాళీ అయ్యాక చూసుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. సాయంత్రం కంచంతోనూ అదే జరిగింది. ఛీ, ఏం ఆకలి! ఆరోజు పార్లరావిడ ఏం తిన్నదో కండక్టరమ్మ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు.

మర్నాడు పొద్దున కంచం వచ్చింది. ఒళ్ళో పిల్లను పడుకోబెట్టుకుని తింటుండగా రొమ్ము సలిపింది. ఆదరాబాదరాగా పిల్ల నోటికి అందించింది. నీరసంగా చప్పరించిన పిల్ల ఉన్నట్టుండి ఆగి, గుటక వేసింది. ఇంకో గుటక. మెడ దగ్గర చిన్న చర్మం కదులుతోంది. కండక్టరమ్మ మాస్కు లేని మొహం మీదుగా కన్నీళ్ళు కారి కంచంలో పడ్డాయి. తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు.

తెర అవతలినుంచి పార్లరావిడ గొంతు వినబడింది. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే గొంతు ఈసారి నూతిలోంచి వచ్చినట్టుంది.

"అక్కా, పడ్డాయా పాలు?"

"పడ్డాయమ్మా. తాగుతోంది."

"హమ్మయ్య. అక్కా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇందాక పిల్లని పట్టుకుని పడబోయాను. ఇక ఉండలేను, కిందికెళ్తున్నా. రేపటికల్లా వచ్చేస్తా. మా దాన్ని కాస్త చూస్తుంటావు కదూ?"

"ఆగు! ఒక్క నిమిషం ఆగవే!"

లేవబోయింది. పిల్ల నోరు జారి కీచుమంది. మళ్ళీ కూర్చుంది. పిల్ల మళ్ళీ అందుకుంది. అవతల చెప్పుల చప్పుడు వరండాలోకి వెళ్ళి, మెట్ల దగ్గర ఆగి, కిందికి దిగిపోయింది. కండక్టరమ్మ మోచేత్తో తెరను కొంచెం పక్కకు జరిపింది. బరువు కట్టిన కాలు కదపలేక, అయిదేళ్ళ పిల్ల మెడ మాత్రం తిప్పి ఇటే చూస్తోంది.

"అత్తా, అమ్మ ఎక్కడికెళ్ళింది?"

"అన్నం తినడానికి వెళ్ళింది తల్లీ. రేపొచ్చేస్తుంది."

ఆ పిల్ల కంచం వంక చూసింది, కండక్టరమ్మ మొహం వంక చూసింది.

"నువ్వు ఇక్కడే తింటున్నావుగా అత్తా?"

అప్పటికి కండక్టరమ్మ బుగ్గలో ముద్ద ఉంది. ఉమ్మేయాలనిపించింది. ఒళ్ళో పిల్ల ఇంకా తాగుతోంది. ఆమె ఆ ముద్దను నమిలి మింగి, కంచంలోంచి ఇంకో ముద్ద తీసుకుంది.