మావగారి గొంతు

మా దుకాణంలో కంప్యూటరు పాడైన రోజున మా అక్క రెండోసారి మూగదైంది. మొదటిసారి పదకొండేళ్ల క్రితం, గొంతులో క్యాన్సరు వచ్చి డాక్టర్లు స్వరపేటిక తీసేసినప్పుడు. అప్పుడు ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఈసారి ఏడుపు రాలేదు, కొట్లాట వచ్చింది. కొట్లాడింది నేనూ మా బావా.

ముందు దుకాణం సంగతి చెప్పాలి. ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం మాది, దాన్ని ఆనుకునే ఇల్లు. ముందు గదిలో అక్క కొలతలు తీస్తుంది. వెనక గదిలో బల్ల మీద నేను గుడ్డ కత్తిరిస్తాను. మధ్యలో ఒక కర్టెన్. ఆపరేషను అయ్యాక ఆస్పత్రిలో పనిచేసే ఒకాయన, టైపు చేస్తే పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి తెచ్చి అక్క కంప్యూటరులో పెట్టాడు. అందులో ఉన్నది ఒక్కటే గొంతు, అదీ మగగొంతు. ఏభై దాటిన మనిషి జలుబు చేసి మాట్లాడినట్టుంటుంది. అక్క టేపు పట్టి చూసి టకటకా టైపు కొడితే, కర్టెన్ అవతలి నుంచి ఆ గొంతు "నడుము ముప్పై ఎనిమిది. భుజం పదిహేను" అని గంభీరంగా ప్రకటించేది. నేను సుద్దముక్కతో గుడ్డ మీద గుర్తు పెట్టుకునేదాన్ని.

మొదటి వారంలోనే నేను దానికి "మావగారు" అని పేరు పెట్టాను. "మావగారు చెప్పాక ఇంక తిరుగేముంది, ముప్పై ఎనిమిదే!" అని లోపలి నుంచి అరిస్తే బయట ఆడవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం చేతులు గుండెలకు అడ్డం పెట్టుకుని, మగమనిషి ఎక్కడున్నాడా అని చుట్టూ చూసేవాళ్లట. కొందరు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. పేరు మాత్రం వీధంతా పాకింది. "మావగారు ఖాళీగా ఉన్నారా?" అని అడిగి మరీ లోపలికొచ్చేవాళ్లు. అక్క కూడా నవ్వేది. అక్క నవ్వుకు చప్పుడుండదు కాబట్టి, నవ్వి ఉంటుందని కర్టెన్ ఇవతల నేను అనుకునేదాన్ని.

నాకు చిన్నప్పటి నుంచీ నోరెక్కువ. అందుకే అక్క నన్ను గయ్యాళీ అని పిలిచేది. నా అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా పలికిన పాపాన పోలేదు. అక్క గొంతు పోయాక ఇద్దరి తరఫునా నేనే మాట్లాడాలి అనుకున్నాను. అనుకోవడమే కాదు, కరెంటాఫీసులోనూ బడిలోనూ ఆస్పత్రిలోనూ అక్క పక్కన నిలబడి అక్క బదులు నేనే మాట్లాడాను. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా.

ఇక కంప్యూటరు. ఆ రోజు ఉదయం షట్టరు ఎత్తి స్విచ్చి వేస్తే, లోపల ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. తెర నల్లగా ఉండిపోయింది. అక్క తీగలన్నీ పీకి మళ్లీ పెట్టింది. డబ్బా మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత సొరుగులోంచి ఆర్డరు చీటీల పుస్తకం తీసి, చీటీల మీద రాసి చూపించడం మొదలుపెట్టింది.

ఫోనులో టైపు చెయ్యొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. పాతికేళ్లు సూది పొడిచి పొడిచి మొద్దుబారిన వేళ్లు అక్కవి. ఫోను అద్దం ఆ వేళ్లకు లొంగదు.

మధ్యాహ్నానికి బావ వచ్చాడు. బావ సిటీ బస్సు డ్రైవరు. ప్రపంచంలో ఏ విషయాన్నైనా డ్రైవరు సీట్లో కూర్చునే చూస్తాడు.

"ఇంజను పట్టేసిన బండికి రిపేరేంటి? అవతల పారేసి కొత్తది కొందాం" అన్నాడు.

"నీకేం బావా, ఎన్నైనా చెప్తావు. అది అక్క గొంతు. గొంతుని పారేస్తారా ఎవరైనా?"

"గొంతేంటి, అదో ప్రోగ్రాము. కొత్తవాటిల్లో ఎన్ని గొంతులున్నాయో తెలుసా? తేనె పోసినట్టు మాట్లాడతాయంట."

"తేనె నీ చెవులకి. మరి పిడుగు సంగతేంటి? ఊహ తెలిసినప్పట్నుంచీ అది విన్నది ఈ గొంతే కదా. రేపట్నుంచి ఎవరో పరాయిది వచ్చి 'అన్నానికి రావే' అంటే దానికి ఎలా ఉంటుంది?"

పిడుగు అక్క కూతురు. ఆపరేషను నాటికి ఏడాది పిల్ల, ఇప్పుడు పన్నెండేళ్లది. బడి నుంచి వచ్చి, సంచి ఇంకా భుజం మీదుండగానే మా మాటలు వింటోంది.

"నాకు అదే కావాలి పిన్నీ. అదే అమ్మ" అంది.

అక్క దానివైపు చూసింది. చీటీ మీద ఏదో రాయబోయి, కలం మూత పెట్టేసింది. నేను గెలిచాననుకున్నాను.

నాలుగు రోజులు ఇదే తంతు. నేనూ బావా వాదించుకుంటూ ఉంటే, అక్క మా మధ్యన చీటీ పట్టుకుని నిలబడేది. నోరున్నవాళ్లు ఎదుటివాళ్ల మాటకు అడ్డం పడొచ్చు. చీటీకి ఆ వీలు లేదు, ఎవరో ఒకరు ఆగి చదవాలి. మేం ఆగలేదు.

రెండో రోజున ఎప్పుడూ రాని ఒకావిడ కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. అక్క కొలతలు చీటీ మీద రాసి, చప్పుడు లేకుండా కర్టెన్ కిందనుంచి నాకు అందించింది. ఆవిడ వెళ్లకుండా చాలాసేపు కూర్చుని, ఇంకో గౌను కూడా కుట్టమని చెప్పి వెళ్లింది. "మావగారు లేక దుకాణం బోసిపోయిందక్కా" అన్నాను నేను. అక్క నావైపు చూసిన చూపు నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు కాలేదు.

మూడో రోజు నా చేతిలో ఒక చీటీ పెట్టింది. కొలతలే కదా, తర్వాత చూద్దామని చదవకుండానే చేతిసంచిలో కుక్కాను.

ఐదో రోజు అందరం కలిసి రిపేరు దుకాణానికి వెళ్లాం. డబ్బాను పాత దుప్పటిలో చుట్టి, దారి పొడుగునా అక్కే ఒళ్లో పెట్టుకుంది. మెడకు తను కుట్టుకున్న నీలం గుడ్డ కట్టుకుంది. ఊపిరి కోసం మెడ ముందు పెట్టిన ఆపరేషను కన్నం కనబడకుండా ఒక్కో గౌనుకు ఒక్కో రంగు గుడ్డ కుట్టుకుంటుంది. ఆ రిపేరు దుకాణం ఇరుకు గది, గోడల నిండా విప్పిన డబ్బాలు, వేడెక్కిన తగరం వాసన. రిపేరు చేసే పెద్దమనిషి కంటికి భూతద్దం బిగించుకుని లోపలంతా చూశాడు.

"బోర్డు మీద ఈ బుడిపెలు చూశారా? కెపాసిటర్లంటారు. ఉబ్బి పగిలిపోయాయి. మార్చొచ్చు, మారిస్తే నడుస్తుంది. ఎన్నాళ్లు నడుస్తుందంటే చెప్పలేను. ఆరు నెలలో, రెండేళ్లో. ఈ మాట్లాడే ప్రోగ్రాము మాత్రం ఇందులోంచి కదలదు. చేసినవాళ్లు కంపెనీ ఎప్పుడో మూసేశారు. కొత్తది కొన్నారంటే ఈ గొంతు ఇంక ఉండదు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పాలి."

"రిపేరే" అన్నాను నేను.

"కొత్తదే" అన్నాడు బావ.

మళ్లీ మొదలైంది. బావ బ్రేకులు ఫెయిలైన బస్సుల గురించి ఎత్తుకున్నాడు. నేను పిడుగును ముందుకు లాగి నిలబెట్టాను. వెనకనుంచి అక్క నా మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"ఉండక్కా, నీ కోసమే కదా మాట్లాడుతున్నా!" అని చెయ్యి విదిలించుకున్నాను. ఆ మాట దాచెయ్యాలనే ఉంది గానీ, అన్నాను కాబట్టి చెప్పాలి.

పెద్దమనిషి కంటి మీది భూతద్దం తీసి కింద పెట్టాడు.

"ఈ కంప్యూటరు వాడేది ఎవరమ్మా?"

"మా అక్కండీ."

"ఆవిడ ఏమంటారు?"

"ఆవిడ మాట్లాడలేదండీ, అందుకే కదా ఈ తిప్పలన్నీ..."

"మాట్లాడలేరు, అది తెలిసింది. ఏమంటారు అని అడిగాను."

పెద్దమనిషి బల్ల మీది స్క్రూలు పక్కకు నెట్టి, బిల్లు పుస్తకం వెనక్కు తిప్పి, కలం అక్క చేతికిచ్చి కుర్చీ చూపించాడు. అక్క కూర్చుని రాసింది. చాలాసేపు రాసింది. మేం ముగ్గురం నిలబడి కాచుకున్నాం. రాసింది అక్క నాకివ్వలేదు, బావకివ్వలేదు. పిడుగుకిచ్చింది. పిడుగు పైకి చదివింది.

"కొత్తది కొనండి. ఆ గొంతుకు మీరు అలవాటు పడ్డారు, నేను పడలేదు. పదకొండేళ్లు ఆడవాళ్ల ఒంటి కొలతలు మగగొంతుతో పైకి చదివించాను. వాళ్లు సిగ్గుతో ముడుచుకుపోతుంటే ఎదురుగా నిలబడి చూసింది నేను, కర్టెన్ వెనకున్నవాళ్లు కాదు. పాపకు జోల పాడాలనిపించి ఒకసారి టైపు కొట్టాను. పాప జడుసుకుని ఏడ్చింది. మళ్లీ ఎప్పుడూ కొట్టలేదు. అదొక్కటే దొరికింది కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు ఇంకోటి దొరుకుతుందంటే, నన్ను తప్ప అందరినీ అడిగారు."

చదివేశాక పిడుగు వేలు మళ్లీ జోల దగ్గరకు వెళ్లింది. "నేనా? నేను ఏడ్చానా అమ్మా? నాకు గుర్తు లేదు" అంది. తర్వాత, "అయినా నాకు పాతదే ఇష్టం" అని కళ్లు తుడుచుకుంది. అక్క దాని తల నిమిరింది. నిమురుతూనే, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నేను చేతిసంచిలో వెతికాను. మూడో రోజు చీటీ అడుగున నలిగిపోయి ఉంది. అందులో కొలతలు లేవు. "మావగారిని బాగుచేయించకే. చేతులెత్తి దణ్ణం పెడతాను" అని ఉంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పేరు పెట్టింది నేను, వీధంతా నవ్వించింది నేను. తోడబుట్టినదాన్ని దణ్ణం పెట్టేదాకా తెచ్చి, ఆ చీటీని రెండు రోజులు సంచిలో వేసుకు తిరిగింది కూడా నేనే.

ఆ పూటే కొత్తది కొన్నాం. పెద్దమనిషి ప్రోగ్రాము పెట్టి, అందులోని గొంతులన్నీ ఒక్కొక్కటిగా వినిపించాడు. ఆడగొంతులే ఐదున్నాయి. ఐదూ ఒకే మాట చెప్పాయి: "ఈ గొంతు మీకు నచ్చిందా?" అక్క కళ్లు మూసుకుని విన్నది. రెండోసారి పెట్టమని సైగ చేసింది. తర్వాత కలం తీసుకుని నాకు రాసి చూపించింది.

"నా గొంతుకు దగ్గరగా ఉన్నది ఏదో నువ్వు చెప్పు. పుట్టినప్పట్నుంచీ విన్నదానివి నువ్వే."

అక్క గొంతు రికార్డు చేసి దాచాలని అప్పట్లో మాకెవరికీ తోచలేదు. ఆపరేషను హడావిడిలో ప్రాణం గురించి తప్ప ఇంక దేని గురించీ ఆలోచించలేదు. బావ వెళ్లి గుమ్మం దగ్గర వీధివైపు తిరిగి నిలబడ్డాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఒకటో గొంతు విన్నాను. రెండోది విన్నాను. ఐదూ విని మళ్లీ మొదటికొచ్చాను.

మాటలన్నీ గుర్తున్నాయి. మెట్ల కిందనుంచి నన్ను కేకేసిన మాటలు, కుట్టు వంకరపోతే తిట్టిన తిట్లు, చిన్నప్పుడు పక్కలో పడుకుని చెప్పిన కథలు, ఒక్కటీ మరిచిపోలేదు. కానీ గుర్తు తెచ్చుకున్న ప్రతి మాటనూ మావగారే పలుకుతున్నారు. ఎంత వెనక్కు వెళ్లినా ఆ గొంతే. దాని కింద అక్క గొంతు ఎక్కడుందో నాకు దొరకలేదు. ఈ మావగారిని కాపాడాలనే నేను ఐదు రోజులు ఊరంతా వినబడేలా అరిచాను.

"గుర్తు రావట్లేదక్కా" అన్నాను.

అక్క కీబోర్డు దగ్గరకు లాక్కుని, మూడో గొంతు మీద ఆగింది. అందులో తేనె లేదు. కొంచెం బొంగురుగా, నెమ్మదిగా మాట్లాడే ఆడమనిషి గొంతు. అక్క టకటకా టైపు కొట్టింది.

"ఏమే గయ్యాళీ" అంది ఆ గొంతు. "నాకూ గుర్తు లేదే."

పదకొండేళ్ల తర్వాత అక్క నన్ను ఆ పేరుతో పిలిచింది. మావగారి గొంతుతో ఒక్కసారి కూడా అలా పిలవలేదని నాకు అప్పుడే తెలిసింది.